ఏడు లెక్కపెట్టేలోపు

మామిడి సీజను అయిపోయినాక
చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీలో రాత్రికాపలా నాది.
ఖాళీ డ్రమ్ములు, పులిసిన తోతాపురి వాసన,
ఫోన్లో రెడ్డెప్ప ఎక్కించిచ్చిన దెయ్యం గేము.

మొదటి రాత్రి ఆ ఇంట్లో ఊరికే నిలబడినా.
గోడమీద తేమ మెల్లగా ఒక మొహం కడతా ఉండాది.
యాడో కుర్చీ జరిగింది.
ఇయర్‌ఫోన్లు పీకేసి
షెడ్డులో లైట్లన్నీ వేసినా.

మూడో రాత్రికి అంతా తెలిసిపాయ.
తాళంచెవి కుండలో, ఫ్యూజు మెట్లకింద.
ఏడు లెక్కపెడితే ఆమె ఎడమకే తిరుగుతాది,
తలుపు అడ్డమొస్తే ఆడే కాళ్లాడిస్తా ఉంటాది, పాపం.
"భయమేస్తా ఉండాదా?" అంటాడు రెడ్డెప్ప.
"ఎక్కాలు ఒప్పజెప్పినట్టుండాది" అన్నా.

తాళాలు వెతకడం మానేసి
నా మనిషిని అందులోని కిటికీ దగ్గర పెట్టి
వాన చూస్తా కూర్చున్నా.
ఆడ గెలిచేదానికి ఏమీ లేదు.
మళ్లీ వెన్ను జలదరించింది.

రెండు గంటలకు రౌండుకు లేచినా.
బాయిలరు దాటి ఎడమకు, గోడౌను దాటి ఎడమకు,
టార్చి రోజూ పట్టే ఎత్తులోనే.

డ్రమ్ముల వెనక ఎవరో
ఊపిరి బిగబట్టి
లెక్కపెడతా ఉండారు
ఐదు, ఆరు

నేను ఆగలా.
ఎడమకే తిరిగినా.