తీగ పాకం

తెల్లారి చలిలో పలుచగా పారాలి,
ఆల్చిప్పల తాళ్ళు లాగే మధ్యాహ్నం
చిక్కగా నిలబడాలి.
డబ్బా మీది రెండంకెలకీ
అర్థం అంతేనంటాడు
చిలోయే రేవులో కొట్టు ఎలియాసర్.

ఎదువీనా వినదు.
పడవలోంచి తెచ్చిన గేజి కడ్డీ చూపిస్తుంది.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క చుక్క,
పాకం చూసినట్టు.
తీగ రాదు. నల్లనీళ్ళలా జారిపోతుంది.

"బంగారు మూతది పట్టుకెళ్ళు, ఏడాది చూడక్కర్లేదు."
"చూడక్కర్లేనిది నా పడవలో ఏదీ లేదయ్యా.
మామూలుదే ఇవ్వు, రెండు డబ్బాలు.
నూరు గంటలకోసారి మార్చేస్తా."

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.
"ఫిల్టర్లు కూడా రెండు."

ఇంజను దగ్గింది,
తెల్లపొగ కక్కింది,
తర్వాత పొగ లేదు.
వాన, వానలో దాని గొంతు,
గట్టు కనపడనంత దూరం దాకా.