తూము తాళాలు

మస్తానయ్య రిటైరైన రోజు
కనుపూరు కాలవ సెక్షన్ ఆఫీసులో
పూలదండ, అరకిలో మైసూరుపాకు.
తాళాల గుత్తి బల్ల మీద పెడితే
అందుకునే చెయ్యి లేదు.

"ప్రస్తుతానికి నువ్వే పెట్టుకో పెంచలయ్యా"
అన్నాడు ఏఈ, తలుపు దగ్గర నిలబడ్డ మనిషితో.
ఆ ప్రస్తుతానికి
వచ్చే వినాయక చవితికి తొమ్మిదేళ్లు.

తర్వాత వెంగయ్య బీటు. ఆ తర్వాత ఖాజావలి బీటు.
ఎవరు దిగిపోయినా
ఇనుము వచ్చి ఇతని మొలతాడుకే చేరింది.
ఆరుగురు నడిచిన గట్టు మీద
ఇప్పుడొక పాత మోపెడ్,
అందులో సగం పెట్రోలు సొంత డబ్బు.

ఎడగారు పైరు పొట్టకొచ్చిన వారం
ఎగువన ఎవరో తూము ఎత్తేశారు.
చివరి మడవ కాడ నేనూ, దొరసానమ్మత్తా
టార్చిలైటు ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి
తెల్లార్లూ కూర్చున్నాం.
తడి వాసన కూడా రాలేదు.

పొద్దున్నే తిట్టడానికే పోయాం.
తిట్లు దారిలోనే ఏరిపెట్టింది అత్త.
లాకు చక్రం పక్కన, చెప్పులు తలకింద పెట్టుకుని
నిద్రపోతున్నాడు.
పొట్ట మీద తాళాలు
ఊపిరికి లేచి పడతన్నాయి.
అత్త కొంగుతో ఈగని తోలింది.

ఆఫీసు బయట గోడ మీద ఇంకా ఉంది:
లస్కర్లు, మంజూరైన పోస్టులు ఆరు.
పక్క గడిలో సుద్దముక్క అంకె
వానకి కారిపోయింది.
మళ్లీ రాసేందుకు అటెండరూ లేడు.

జూన్‌తో పెంచలయ్యకీ సర్వీసు అయిపోద్ది.
నిన్న గుత్తిలోంచి ఒకటి ఊడదీసి
నా చేతిలో పెట్టాడు.
"ఏ తూముదో గుర్తు లేదబ్బయా,
నీకాడుంచు."