రెండు గిగాబైట్ల ఇల్లు

ఈ ల్యాప్‌టాప్‌కి పదమూడేళ్ళు.
మూత తెరిస్తే కీళ్ళు మూలుగుతాయి, నాకు లాగే.
రెండు గిగాబైట్ల ర్యామ్.
పాత విండోస్‌కి తనను తాను మోసుకోవడానికే
అది చాలేది కాదు.

బయట కాస్ట్రో పట్నం మీద వాన.
చిలోయే దీవిలో వాన గురించి చెప్పడమంటే
చేపకి ఉప్పు గురించి చెప్పడం.
పడవల షెడ్డులో, తారు డబ్బాల మధ్య
మూడు పెన్‌డ్రైవ్‌లు పెట్టి వెళ్ళాడు
ఫెర్రీ మెకానిక్ కొడుకు, ఎర్విన్ నౌతో.
"ఒకటి ఎంచుకో, ఒతీలియా పిన్నీ."

మొదటిది ఈకంత తేలిక.
కెటిల్‌లో నీళ్ళు వేడెక్కకముందే లేచి కూర్చుంది.
మురిసిపోయాను,
ఆటుపోట్ల లెక్క చెప్పేదేదీ అని అడిగేదాకా.
లేదు.
అకార్డియన్ స్వరాలు రాసుకునేది?
అదీ లేదు. ముక్కలు ఎక్కడో దొరుకుతాయి, నువ్వే కట్టుకో, అంది.
నలభై ఏళ్ళుగా పడవలు కడుతున్నదాన్ని.
నడిసముద్రంలో కూర్చుని తెడ్డు చెక్కుకోవడం
ఎంత పనో నాకు తెలుసు.

రెండోది వస్తూ వస్తూ చుట్టాలందరినీ వెంటేసుకొచ్చింది.
మూడు పాటల పెట్టెలు, పేకాట,
కిటికీ పక్కనే ఉన్నదానికి వాతావరణ వార్తలు.
ఫ్యాను
ఎదురుగాలిలో చిన్న మోటారులా ఏడ్చింది.

మూడోది డెబియన్. డెస్క్‌టాప్ కూడా వద్దన్నాను.
కట్టుబట్టలతో వచ్చి నిలబడింది.
నల్లని తెర, రెప్పలాడిస్తున్న ఒక్క గీత.
అడగందే అమ్మయినా పెట్టదు. ఇదీ అంతే.
అడిగాను.
పేర్లు, వేలకు వేల పేర్లు,
వేలు తీసేసినా ఇంకా జారిపోతూనే ఉన్నాయి:
చుక్కల్ని చూపేవి, కుట్టుపనికి కొలతలు గీసేవి,
ఎందుకో నాకర్థం కానివి బోలెడు.
స్వరాలవి నాలుగున్నాయి.
ఆటుపోట్లది ఉంది. అందులో మా రేవు లేదు, పక్క రేవుంది,
ఆ ఇరవై నిమిషాలు నేనే కలుపుకుంటాను.
ప్రతిదాని వివరాల్లో ఒక మనిషి పేరు,
దాన్ని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళది.
కొన్ని పేర్లు పలకడానికి నోరు తిరగలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు కడలి కోస్తోందని
మా ఇంటిని గట్టుమీదికి తరలించారు, ఇంటినే.
పొయ్యి తీశారు. అద్దాలు తీశారు. తలుపులు తీశారు.
డొల్లయిన ఇంటికింద దుంగలు పరిచి
ఎనిమిది జతల ఎడ్లు, తాళ్ళు, ఊరంతా.
మింగా అంటాం. కూలి ఉండదు, కూడు ఉంటుంది.
నా మంచమేదని ఏడ్చాను.
"బెర్తీల్దా వాళ్ళింట్లో ఉందే.
కావాలన్నప్పుడు తెస్తారు," అంది అమ్మ, బంగాళాదుంపలు ఒలుస్తూ.
అంత పెద్ద ఇల్లు అంత తేలిగ్గా కదలడం
మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

ఎర్విన్‌కి రెండు పెన్‌డ్రైవ్‌లు తిరిగిచ్చేశాను.
"ఇంత బోసిదా?" అన్నాడు.
వాడికి మంచం కథ చెప్పలేదు, తారు మాడుతోంది.

రాత్రి ఫోన్‌ని కిటికీలో, సిగ్నల్ తగిలే మూల నిలబెట్టాను.
స్వరాల ప్రోగ్రాం దిగుతోంది. ముప్పై ఎనిమిది శాతం.
నలభై.
గాలి మారింది, ఆగిపోయింది.
పర్లేదు.
ఎడ్లు కూడా మధ్యమధ్యలో ఆగేవి.