కుడి అంచు

వుపర్టాల్‌లో మూడు రోజులుగా ముసురు.
డెట్లెఫ్ మోసుకొచ్చిన రెండు సీట్లనీ
బల్ల మీద బోర్లించింది ఇర్మ్‌గార్డ్.
పట్టాల కింద తుప్పు గోకితే
సగం అంకె. ఏడో, ఒకటో.

"నా కారువేనా?"

ఆమె పలకలేదు. కుట్లు విప్పింది.
ఏ తీరం నుంచి వచ్చిందో కొబ్బరి పీచు
పొడిపొడిగా రాలింది.
అందులో ఓ తలపిన్ను,
రాణి ముఖం చెరిగిన బిళ్ళ.

"ఎక్కువ నలిగిన సీటు ఇది.
దిగేవాడి తొడ ఒరుసుకుని
అరిగింది కుడి అంచు.
కుడివైపు కూర్చుని నడిపాడు వీడెవడో.
నీ కారువి కావు."

డెట్లెఫ్ మాట్లాడకుండా వెళ్ళి
ఆ చిరుగుల్లోనే కూర్చున్నాడు.
కాసేపటికి
అతని ఎడమచెయ్యి గాల్లో గేరు వెతికింది.

దారం ఎక్కించమని
ఇర్మ్‌గార్డ్ నాకు సైగ చేసింది.