మూడో చుట్టు

డులూత్ ఊరి చివర, జనవరి.
బయట సున్నాకి ఇరవై కింద.
కిటికీ అద్దాలకు లోపలివైపు చెమట.
వకుళక్క తువ్వాలుతో తుడిచి, గిన్నెలోకి పిండి, కొలిచి
'పావు లీటరు, మంగళవారం' అని
గోడ మీద పెన్సిల్‌తో రాస్తుంది.
మా ఇంటి గోడలు ఇంకా చిత్తు పుస్తకాలే.
రంగులు వచ్చే వేసవికి అనుకుని నాలుగు వేసవులు.

ఈ ఇల్లు మేమిద్దరమే కట్టాం.
అక్క రోడ్లు కొలిచే ఉద్యోగి, నేను ఎక్స్-రేలు తీసేదాన్ని.
వారాంతాలు, సెలవులు, రెండు నడుంనొప్పులు.
కాంక్రీటు పోసేముందు నేలంతా ఎర్ర గొట్టం పరిచాం
జంతికలు పిండినట్టు, ఐదు చుట్లు.
వాటిలో వేడినీళ్ళు తిరిగితే
అరికాళ్ళకి ఎండ తగిలినట్టుండేది
మొదటి మూడు చలికాలాలూ.

ఇప్పుడు మూడో చుట్టు
అలకపాన్పు ఎక్కిన అల్లుడు.
వంటింటి మూల నేల చెమ్మ.
బాయిలర్ మీద ముల్లు నిన్న పద్దెనిమిది, ఇవాళ పధ్నాలుగు.
అక్క అంది: గొట్టం పగిలింది, నేల తవ్వాలి.
నేనేం అనలేదు.
ఎవరి ఒళ్ళూ కోయకుండా ఎముక చూసేదాన్ని,
నా నేల నాకే లోపల చూపించదు.

ఓర్విల్ లిండ్‌క్విస్ట్ వచ్చాడు, పక్క రోడ్డు ముసలాయన.
నలభై ఏళ్ళ ప్లంబింగ్, కుడిచేతికి నాలుగున్నర వేళ్ళు.
బూట్లు విప్పమంటే విప్పాడు గానీ
మేజోడు చిరుగుకి సిగ్గుపడ్డాడు.
చెమ్మ మీద పాలిథిన్ కాగితం పరిచి
నాలుగంచులా టేపు అంటించి
"రెండు రోజులు తాకొద్దు" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

రెండో రోజు చూస్తే
కాగితం కింద పొడి. పైన తడి.
అంటే ఆ నీళ్ళు నేలవి కావు, మావి.
ఉడికే అన్నం, మరిగే చారు,
స్టవ్ పక్కన ఆరేసిన చుడీదార్లు,
చీమ దూరే సందు లేకుండా మేమే బిగించిన ఇంట్లో
ఇద్దరు ఆడవాళ్ళ ఊపిరి
బయటికి దారి లేక
చల్లని మూల వెతుక్కుని కూర్చుంది.

అప్పుడు ఓర్విల్ బకెట్లో పైపు ముంచి
మూడో చుట్టులో గాలి వదిలించాడు.
బుడబుడ, బుడబుడ, ఎంతసేపో.
కడుపుబ్బరం తీరిన పసివాడిలా నేల నెమ్మదించింది.
"మరి ముల్లు?" అంది అక్క.
ముల్లు పన్నెండు.
"అది వేరే జబ్బు" అన్నాడు,
"రెంటినీ ఒకే మంచం మీద పడుకోబెట్టకండి."

ఆ రాత్రి దీపాలార్పి, మేజోళ్ళు విప్పి
ఇద్దరం ఇల్లంతా నడిచాం,
అడుగు వెంట అడుగు, గంతలు కట్టుకున్నట్టు.
సామాన్ల గది గోడ దగ్గర నా కాలు ఆగింది.
అరచేతంత మేర. వెచ్చదనం కాదు, వేడి.
జ్వరమొచ్చిన పిల్ల నుదురు.

ఆ గోడ నాకు తెలుసు.
పచ్చడి జాడీలు పట్టవని
కాంక్రీటు ఆరాక అడుగు ఇవతలికి జరిపింది నేనే,
అక్క ఊళ్ళో లేని ఆదివారం,
గొట్టాల ఫొటో చూడకుండా.
మూడో మేకు మెత్తగా దిగింది.
మెత్తగా దిగిందని అప్పుడే తెలుసు.

తవ్వితే కనబడింది.
రంధ్రం చేసిందీ ఆ మేకే,
ఇన్నాళ్ళూ బిరడాలా మూసిందీ ఆ మేకే.
తుప్పు తినేదాకా కాపలా కాసింది.
"నేనే, అక్కా" అన్నాను.
అక్క మేకు వైపు చూసింది, నా వైపు చూడలేదు.
ఓర్విల్ ఇత్తడి జాయింటు బిగిస్తూ
ఏదో ఈల అందుకున్నాడు.

ఇప్పుడు ముల్లు పద్దెనిమిది.
గోడ మీద, అక్క దస్తూరీ:
'మూడో చుట్టు. మేకు.
తలుపు నుంచి నాలుగడుగుల రెండంగుళాలు.'
ఎవరు కొట్టారో రాయలేదు.
కింద, కొంచెం చిన్న అక్షరాల్లో:
'అన్నం వండేటప్పుడు ఫ్యాన్ వెయ్యి.'