పదకొండు నిమిషాల ఖాళీ

మా ఆయన తొయామాలో ట్రామ్ నడుపుతాడు.
సిగ్నల్ కనిపిస్తే చాలు, తెల్ల గ్లవుజు వేలు చాచి
దాని రంగు దానికే చెబుతాడు: "ముందు, పచ్చ!"
పదహారేళ్లుగా వేలూ నోరూ కలిసి చేసే ఉద్యోగం.
ఇంట్లోనూ అంతే. పడుకోబోయే ముందు
"గ్యాసు, కట్టేశా!" "తలుపు, వేశా!"
పల్చటి గోడ అవతల నుంచి పక్కింటి కుజుమి గారు
"సంతోషం" అంటుంది ఒక్కోసారి.

ఇప్పుడు వంటింటి బల్ల మీద పార్కు మ్యాపు పరిచి
నాలుగు రాత్రుళ్లుగా టైంటేబులు గీస్తున్నాడు.
ఏడూ పన్నెండుకి ట్రామ్. ఏడూ నలభై ఎనిమిదికి రైలు.
తొమ్మిదిన్నరకి గేటు.
తొమ్మిదీ ముప్ఫై నాలుగుకి గిరగిర తిరిగే టీ కప్పులు.
పదీ ఇరవైకి పిల్లలకి మూత్రం.
"రాకపోతే?" అన్నాను.
"వస్తుంది" అన్నాడు, పెన్సిలు ఎత్తకుండా.
ఏడుపులకి రెండు చోట్ల నాలుగేసి నిమిషాలు.
ఒకటి కనాతాకి. రెండోది నీకు, అన్నాడు.
తల వంచుకుని ఉన్నాడు, నవ్వాడో లేదో తెలియలేదు.

నాది చేపముద్దల ఫ్యాక్టరీ.
కోసిన ముక్కలో గులాబీ సుడి
సరిగ్గా మధ్యకి వచ్చిందో లేదో చూడటం నా పని.
ఆ కళ్లతో చూశాను కనక దొరికింది:
ఒకటీ యాభైకి, ఉయ్యాల ఓడ నుంచి ఐస్‌క్రీం కొట్టుకి
తిన్నటి దారి ఉండగా
ఈయన ఎర్ర పెన్సిలు చెరువు చుట్టూ తిరిగింది.
సెకన్ల దగ్గర పిసినారి,
పదకొండు నిమిషాలు తీసుకెళ్లి చెరువులో పోశాడు.

తిన్నటి దారిలో ఏముందా అని కళ్లజోడు పెట్టుకున్నాను.
కొండరైలు గేటు.
గేటు పక్కన కొయ్య ఎలుగుబంటి, చెయ్యి చాపి:
నా అరచేతి కంటే పొట్టివాళ్లు వచ్చే ఏడు రండి.
అరచెయ్యి సరిగ్గా మీటరు ఎత్తున.

ఆదివారం స్నానమయ్యాక
వాణ్ణి గుమ్మానికి ఆనించి కొలిచింది ఈయనే.
తడి జుట్టు అణిచి, గీత గీసి, వేలు చాచాడు.
నోరు మాత్రం పెగల్లేదు.
మీటరుకి ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ.
వాడేమో కిండర్‌గార్టెన్ మొత్తానికి చెప్పేశాడు
కొండరైల్లో ముందు పెట్టె తనదేనని.
గాలికి టోపీ పోకుండా ఎలా పట్టుకోవాలో
మొరిషిమా టీచరుకి నేర్పించి మరీ వచ్చాడు.

"వాడికి చెప్పేయరాదూ?" అన్నాను గొంతు తగ్గించి.
"చూడకపోతే లేనట్టే కదా" అన్నాడు
ఊళ్లో ప్రతి సిగ్నల్నీ వేలెత్తి చూపించే మనిషి.

ఇవాళ పొద్దున్న, ఆరూ యాభై.
ఆకాశం తోమి బోర్లించిన గిన్నె.
గుమ్మంలో నలుగురం వరసగా.
"నీళ్ల సీసాలు, రెండు!"
"టోపీలు, నాలుగు!" మినోరి గొంతు తండ్రిని మించిపోయింది.
"బూట్లు..."
వేలు అక్కడే ఆగింది.

కనాతా కాళ్లకి అక్క వాన బూట్లు.
పసుపువి. మోకాళ్లు దాటి పైకి.
లోపల మడిచి కుక్కిన పేపరు,
అంచున మొన్నటి చేపల ధరలు తొంగిచూస్తున్నాయి.
"వాన పడుతుందేమోనని" అన్నాడు
ఎండలోకి మెడ సాగదీసి.
మినోరి తన బొటనవేలు చూసుకుంటోంది.
కుక్కిందెవరో అర్థమైంది.

అప్పుడు ఈయన, ట్రామ్ వేళ దగ్గర పడుతుండగా
నేనెప్పుడూ చూడని పని చేశాడు.
టైంటేబులు తీసి గోడకి అదిమిపెట్టి
రబ్బరుతో చెరువు దారి చెరిపాడు.
ఎరుపు పూర్తిగా పోలేదు.
కొత్త గీత తిన్నగా ఎలుగు దగ్గరికి దింపాడు.
మిగిలిన పదకొండు నిమిషాల గడిలో
ఏమీ రాయలేదు.
రబ్బరు పొట్టు ఊదేసి, వేలు చాచి,
"బూట్లు, సరే!"

కనాతా అడుగేసినప్పుడల్లా కాగితాలు కరకరలాడాయి.
స్టాపు దాకా
మాలో ఒక్కళ్లకీ వినపడలేదు.