సొంత వాక్యం

ఏడో తరగతి, బి సెక్షన్, పెదజాలరిపేట.
కిటికీ తీస్తే ఇసక, మూస్తే చెమట.
తీసే ఉంచాను.
బోర్డు మీద రాశాను: తెంపరి.
పక్కన, పాఠం చివర ఇచ్చిన అర్థం:
దేన్నీ లెక్కచేయనివాడు, వెనకాముందూ చూడనివాడు.
సుద్దముక్క విరిగింది.
సొంత వాక్యంలో రాయండి, అన్నాను.

ముప్పై ఒక్క నోటుపుస్తకాలు.
మొదటిది: హెల్మెట్ లేకుండా బీచ్ రోడ్డులో పోయేవాడు తెంపరి.
తర్వాత పదకొండు మంది అదే వాక్యాన్ని
బండి కంపెనీ మార్చి రాశారు.
ఒకడు తన పేరే రాసుకుని
స్కేలుతో కింద గీత కొట్టాడు.
ఒక పిల్ల రాసింది:
మా పిల్లి తెంపరిది, కొంగ నోట్లోంచి కవ్వళ్ళు లాక్కుంది.
దానికి రెండు టిక్కులు పెట్టాను.

మైలపల్లి మాసేనమ్మ మాత్రం
ఒకటడిగితే నాలుగు రాసింది.
‘మూడో నంబరు జెండా ఎగరేసిన పొద్దు
మా బాబాయి బోటు తీశాడు. తెంపరి అన్నారు.
వంజరాలతో తిరిగొచ్చాడు. మగాడంటే వీడూ అన్నారు.
మర్నాడు మళ్ళీ తీశాడు. అప్పుడు’
అంతే. చుక్క లేదు.
వాక్యం పూర్తి చెయ్యి అని రాయబోయిన ఎర్రపెన్ను
కాగితం మీద ఒకచోటే నిలబడి
చిన్న మచ్చ వదిలింది.

శనివారం బడి వదిలాక ఒడ్డుకి దిగాను.
వాళ్ళ అవ్వ బొటనవేలికి వల తగిలించి
చిల్లులు కడుతోంది.
‘ఏటి టీచరమ్మా, మా గుంట తప్పులేటైనా రాసీసినాదా?’
లేదు, ఒక మాటకి అర్థం కావాలి, అన్నాను.
నవ్వింది. సూది ఆపలేదు.
‘గాలికి పోతే తెగిందంతాం.
మడిసి కోసుకుపోతే తెంపినాడంతాం.
తాడు కట్టే ఉంటాది టీచరమ్మా,
ఆడి కంటికే ఆనదు.’
కాసేపాగి, పళ్ళతో దారం కొరికి,
‘మా ముసిలోడు పోయిన నెలకే
ఎండుసేపల గంపెత్తుకుని
కొత్తవలస రైలెక్కీసినాను.
తెంపర్ది అన్నారు నన్ను, పేటపేటంతా.
నాను టిక్కెట్టు కొనుక్కునే ఎక్కినాను.’

నాకు పుస్తకంలో ఇచ్చిన అర్థం గుర్తొచ్చింది.
‘వాడు’ అని ఉంది అందులో. ‘ఆమె’ ఊసే లేదు.
మా అమ్మ నన్నెప్పుడూ ఆ మాట అనలేదు.
అది మెచ్చుకోలని చాలా ఏళ్ళు అనుకున్నాను.

బాబాయి అక్కడే ఉన్నాడు,
తిరగేసిన తెప్ప నీడలో ఐసుదిమ్మ పగలగొడుతూ.
పోలిరాజు. ముప్పై దాటుండవు.
మాసేను వాక్యం చదివి వినిపించాను.
సుత్తి కింద పెట్టి, తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు.
‘నానే రాయొద్దన్నాను.
ఇంజనాగిపోనాది. రెండు రేత్రులు.
లైటుహౌసు కనబడతాది, కాపోతే అది రాదు, మనం పోలేం.
అమ్మా అమ్మా అని ఏడ్సినాను.
కూడా ఉన్న గుంటడికి పదారేళ్ళు.
ఆడే నన్నొట్టుకుని కూకున్నాడు.’
ఆ తర్వాత నీళ్ళలోకి దిగలేదట.
పేటలో ఇప్పటికీ పిలుపు మారలేదు:
ఒరే తెంపరీ, రెండు కేజీల ఐసు ఇటెయ్యి.

తెంపరి ఏడుస్తాడని
ఏ నిఘంటువులోనైనా ఉందేమో వెతికాను.
తెగువ ఉంది, తెగింపు ఉంది, తెంపు ఉంది,
ఒకదాని అర్థం చోట ఇంకొకటి.

సోమవారం మాసేనమ్మ పుస్తకం తిరిగిచ్చాను.
ఎర్రమచ్చ చూసి, తప్పా టీచర్, అంది.
కాదన్నాను.
అయితే మార్కేదీ, అంది.
జవాబు వెతుక్కుంటూ బోర్డు వైపు తిరిగాను.
శుక్రవారం మాట ఇంకా అలాగే ఉంది.
దాని కింద ఎవరో,
సగం చెరిగిన గుండ్రటి అక్షరాలతో:
మా టీచరు తెంపరి కాదు.

ఎవరు రాశారని అడిగితే ముప్పై ఒక్క తలలూ వంగాయి.
మాట వాడిన తీరు సరిగ్గానే ఉంది.
చివర చుక్క కూడా ఉంది.
డస్టరు చేతిలోనే పట్టుకుని
ఆ పీరియడంతా లెక్కల సారు బోర్డు వాడుకోకుండా
అడ్డంగా నిలబడ్డాను.